విమానాశ్రయం విస్తరిస్తుంటే పక్క ఊరి పంచాయతీ చేతిలో ఏముంది?

తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో ఏకనాపురం అనే ఊరుంది. చెన్నైకి రెండో విమానాశ్రయాన్ని పరందూరులో కడతామని 2022 ఆగస్టులో ప్రకటన వచ్చింది. ఆ నెలలోనే ఏకనాపురం గ్రామసభ కూర్చుని వద్దని తీర్మానం చేసింది. ఆ తర్వాత కూడా పదేపదే అదే తీర్మానం చేస్తూ వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఊరు ఓటింగును బహిష్కరించింది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఆ విమానాశ్రయానికి సూత్రప్రాయ ఆమోదం ఇచ్చింది.

ఊరంతా ఒక్కమాట మీద నిలబడి కాదన్నా పని ముందుకు ఎలా పోతుంది? విజయనగరం జిల్లా భోగాపురంలో, విజయవాడ పక్కన గన్నవరంలో, వరంగల్ దగ్గరి మామునూరులో, 2025లో కార్గో విమానాశ్రయం ప్రతిపాదన మీద నిరసనలు జరిగిన ఉద్దానంలో జనం అడిగిందీ ఇదే. జవాబు చట్టాల్లోనే ఉంది, కానీ ఒక్క చట్టంలో లేదు. కొంత రాజ్యాంగంలో, కొంత పర్యావరణ నోటిఫికేషన్‌లో, కొంత భూసేకరణ చట్టంలో చెదిరిపోయి ఉంది. అందుకే సర్పంచులకు కూడా తమ అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో స్పష్టంగా తెలియదు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మైదాన ప్రాంతంలో గ్రామసభ తీర్మానానికి విమానాశ్రయాన్ని ఆపే శక్తి లేదు. కానీ ఊరి మాట వినక తప్పని చోట్లు చట్టంలో కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే విలువైనదాన్ని మన రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలతో దాదాపు మూసేశాయి. దీని గురించి జరగాల్సినంత చర్చ జరగలేదు.

నిర్ణయం ఢిల్లీలో, భూమి కలెక్టరేట్‌లో, పర్యవసానం ఊళ్లో

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో విమానాశ్రయాలు కేంద్ర జాబితాలో 29వ అంశం. భూమి రాష్ట్ర జాబితాలో 18వది. భూసేకరణ ఉమ్మడి జాబితాలో 42వది. స్థానిక సంస్థలు రాష్ట్ర జాబితాలో 5వ అంశం. అంటే పంచాయతీకి ఎంత అధికారం ఇవ్వాలో రాష్ట్రమే తేల్చాలి. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు ఉన్నాయి. తాగునీరు, చిన్న నీటి వనరులు, ఊరి రోడ్లు, పారిశుధ్యం, బడులు అందులో ఉన్నాయి. విమానాశ్రయం లేదు.

ఈ పంపకం వల్ల వచ్చే చిక్కు రన్‌వే పొడిగించేటప్పుడు కనిపిస్తుంది. ఎంత పొడవు కావాలో, ఏ రకం విమానం దిగాలో కేంద్ర పౌర విమానయాన శాఖ, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నిర్ణయిస్తాయి. అందుకు కావాల్సిన ఎకరాలు రాష్ట్రం తరఫున కలెక్టర్ సేకరిస్తారు. ఆ ఎకరాల మధ్య నుంచి పోయే పుంత దారి, పంట కాలువ, శ్మశానానికి వెళ్లే బాట, పశువులు నీళ్లు తాగే కుంట మాత్రం పంచాయతీ చూసుకునేవి. మొదటి రెండు నిర్ణయాలూ అయిపోయాక మూడోది పంచాయతీ నెత్తిన పడుతుంది.

మామునూరు సంగతి చూస్తే ఈ అసమానత బాగా తెలుస్తుంది. నిజాం కాలం నాటి ఆ ఎయిర్‌స్ట్రిప్‌కు 696 ఎకరాలు ఉన్నాయి. పెద్ద విమానాలు దిగాలంటే మరో 253 ఎకరాలు కావాలన్నారు. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం భూసేకరణకు 205 కోట్లు మంజూరు చేసింది. అంతకుముందు చాలా ఏళ్లు దానికి అడ్డుపడింది డబ్బు కొరత ఒక్కటే కాదు. శంషాబాద్ విమానాశ్రయం కట్టేటప్పుడు కేంద్రం చేసుకున్న ఒప్పందంలో, 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ల వరకు మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయకూడదన్న షరతు ఉంది. నిర్వహణ సంస్థ జీఎంఆర్ తన హక్కు వదులుకుని అభ్యంతరం లేదని చెప్పాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది.

ఒప్పందంలోని ఒక షరతు వరంగల్ జిల్లా విమానాశ్రయాన్ని ఏళ్ల తరబడి ఆపగలిగింది. రన్‌వే పక్కన పొలాలున్న నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి రైతుల మాటకు మాత్రం అలాంటి ఆపే శక్తి ఏ కాగితంలోనూ రాసి లేదు. పరిహారం గురించి, ఊరి రోడ్డు గురించి వాళ్లు 2025లో రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆ సంవత్సరం చాలావరకు తెలంగాణ గ్రామ పంచాయతీలకు ఎన్నికైన పాలకవర్గాలే లేవన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికలు 2025 డిసెంబర్‌లో గానీ జరగలేదు. రాష్ట్రంలో పల్లెల మాట వినిపించాల్సిన సర్పంచు కుర్చీలు దాదాపు రెండేళ్ల పాటు ఖాళీగా ఉండటం చిన్న విషయం కాదు.

నియమగిరిలో ఆగింది, ఏకనాపురంలో ఎందుకు ఆగలేదు?

గ్రామసభ తీర్మానానికి బలం లేదంటే వెంటనే వచ్చే ప్రశ్న నియమగిరి. ఒడిశాలో డోంగ్రియా కొంధుల కొండ మీద బాక్సైట్ తవ్వకం గురించి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు కూర్చున్నాయి. 12కు 12 వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

అక్కడ గ్రామసభకు ఆ శక్తి 2006 అటవీ హక్కుల చట్టం వల్ల వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం గుర్తించిన గిరిజన ప్రాంతాల్లో, అక్కడి గ్రామసభలకు ప్రత్యేక అధికారాలిచ్చే పెసా చట్టం కూడా తోడుంటుంది. 2013 భూసేకరణ చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలి. ఏకనాపురం అటవీ భూమి కాదు, షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. గన్నవరం, భోగాపురం, మామునూరు కూడా కాదు. అందువల్ల ఒకే మాటతో రాసిన తీర్మానం నియమగిరిలో ఆదేశమైంది, ఏకనాపురంలో విన్నపంగా మిగిలింది. ఇది న్యాయమేనా అంటే కాదనే నేను అంటాను. తరతరాలుగా ఊరుగా బతికిన చోటు మీద అడవి పక్క ఊరికి ఉన్నపాటి మాట చెరువు పక్క ఊరికి ఎందుకు ఉండకూడదు? కానీ ప్రస్తుతం చట్టం అలాగే ఉంది కాబట్టి, ఉన్న చట్టంలో ఊరి మాట ఎక్కడ పనిచేస్తుందో చూడాలి.

ప్రజాభిప్రాయ సేకరణలో చేతులెత్తడం ఉండదు

2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో వాణిజ్య విమానాశ్రయాలన్నీ 7(ఎ) కింద, 'ఎ' కేటగిరీలో ఉన్నాయి. అంటే అనుమతి ఇచ్చేది కేంద్ర పర్యావరణ శాఖ. అంతకుముందు జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. విస్తరణ అయితే అది అవసరమా కాదా అన్నది కేంద్రంలోని నిపుణుల కమిటీ తేలుస్తుంది.

సభ ఏర్పాట్లు కాలుష్య నియంత్రణ మండలివి. అధ్యక్షత కలెక్టర్‌ది, లేదా ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారిది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్ కార్యాలయంలో, స్థానిక సంస్థ దగ్గర జనానికి అందుబాటులో ఉండాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. సభనంతా వీడియో తీయాలి. చివర్లో మినిట్స్ అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి.

జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈ సభలో ఓటింగ్ లేదు. కోరం లేదు. వెయ్యి మంది వచ్చి వద్దన్నా, ఇరవై మంది వచ్చి కావాలన్నా చట్టం దృష్టిలో సభ జరిగినట్టే. లెక్కలోకి వచ్చేది ఎంతమంది అన్నారన్నది కాదు, ఏమన్నారన్నది. నోటిఫికేషన్ ప్రకారం సభలో వచ్చిన ముఖ్యమైన పర్యావరణ అభ్యంతరాలన్నిటికీ విమానాశ్రయ సంస్థ తుది నివేదికలో సమాధానం చెప్పాలి. ఆ సమాధానం సరిపోతుందో లేదో నిపుణుల కమిటీ చూడాలి. ఆ పని జరగకపోతే, అనుమతి వచ్చిన 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు గడువు దొరుకుతుంది. ట్రిబ్యునల్ ముందు నిలబడేది రికార్డులోకి ఎక్కిన మాటే.

అందుకే 'మా గ్రామం ఈ విస్తరణను పూర్తిగా వ్యతిరేకిస్తున్నది' అనే ఒక్క వాక్యం తీర్మానం నాకు బాధ కలిగిస్తుంది. ఆ వాక్యం వెనక ఎంత కోపం, ఎంత భయం ఉన్నా దానికి ఎవరూ సమాధానం చెప్పాల్సిన అవసరం రాదు. 'ఫలానా సర్వే నంబర్లలోంచి పోయే మురుగు కాలువ మా ఎస్సీ కాలనీ వాననీటిని చెరువులోకి తీసుకెళ్తుంది. ప్రహరీ కడితే ఆ నీళ్లు ఎటు పోతాయి?' అని పంచాయతీ లెటర్‌హెడ్ మీద రాసిస్తే దానికి సమాధానం రాయక తప్పదు. శబ్దం గురించి కూడా అంతే. 2018 జూన్‌లో కేంద్రం విమానాశ్రయాల చుట్టూ శబ్ద పరిమితులు ఖరారు చేసింది. ఏడాదికి 50 వేలకు పైగా విమానాల రాకపోకలుంటే పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్. అంతకంటే తక్కువ రద్దీ ఉంటే 65, 60. విస్తరణ తర్వాత ఏ స్థాయికి వస్తుంది, కొలిచేది ఎవరు, మా బడి ఆ శబ్ద పరిమితి దాటే ప్రాంతంలో ఉందా బయట ఉందా అని పంచాయతీ అడగవచ్చు.

పంచాయతీకి అప్పజెప్పే పనులు

నిర్ణయంలో వాటా ఇవ్వరు గానీ, నిర్ణయం అయ్యాక అమలులో మాత్రం స్థానిక సంస్థకు బోలెడు వాటా ఉంటుంది.

మొదటిది ఇళ్ల ఎత్తు. 2015 సెప్టెంబర్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం విమానాశ్రయం చుట్టూ రంగుల జోనింగ్ మ్యాప్ తయారవుతుంది. ఎరుపు జోన్‌లో ఏ కట్టడానికైనా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్ఓసీ ఉండాలి. మిగతా రంగుల్లో మ్యాప్‌లో రాసిన ఎత్తు వరకు స్థానిక సంస్థే అనుమతి ఇవ్వవచ్చు. మ్యాప్‌లో ఉండే అంకె నేల నుంచి కొలిచే ఎత్తు కాదు, సముద్ర మట్టం నుంచి కొలిచేది. ఉదాహరణకు మ్యాప్‌లో 60 మీటర్లు అని ఉండి, మన స్థలమే సముద్ర మట్టానికి 35 మీటర్ల ఎత్తులో ఉంటే, కట్టుకోగలిగేది 25 మీటర్లే. నీళ్ల ట్యాంకు, లిఫ్ట్ గది, సెల్ టవర్ అన్నీ అందులోనే ఇమడాలి. ఈ తేడా తెలియక అంతస్తు వేసుకున్నవాళ్లు తర్వాత నోటీసులు అందుకుంటారు. రన్‌వే పొడిగిస్తే దాని చివర మారుతుంది కాబట్టి ఈ గీతలూ జరుగుతాయి. నిన్నటివరకు ఇబ్బంది లేని ప్లాట్ రేపు ఎరుపులోకి వెళ్లవచ్చు. భూమి పోగొట్టుకున్న రైతుకు పరిహారం ఉంటుంది. భూమి ఉండి కూడా కట్టుకునే అవకాశం తగ్గిపోయినవారి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

రెండోది చెత్త. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 91వ నిబంధన విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించేలా చెత్త వేయడాన్ని, పశువులను వధించడాన్ని నిషేధిస్తుంది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు డంపింగ్ యార్డ్ 20 కిలోమీటర్ల అవతల ఉండాలన్నాయి. ఎన్ఓసీ ఉంటే 10 నుంచి 20 మధ్య అనుమతించవచ్చని కూడా అన్నాయి. గద్దలు, కొంగలు ఇంజిన్‌లో పడితే ప్రాణాలకే ప్రమాదం కాబట్టి నిబంధన అవసరమే, దాంతో తగవు లేదు. కానీ ఇద్దరు ముగ్గురు పారిశుధ్య కార్మికులు, ఒక ట్రాక్టర్ ఉన్న పంచాయతీ చెత్తను అంత దూరం మోసుకెళ్లాలంటే డీజిల్ ఖర్చు ఎవరిది? మాంసం దుకాణాలను తరలిస్తే వాళ్లకు షెడ్లు ఎవరు కట్టిస్తారు? ఈ ప్రశ్నలు విస్తరణ దశలోనే, పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో డబ్బు కేటాయించే సమయంలోనే అడగాలి. తర్వాత అడిగితే ఎవరి ఖాతాలోనూ ఆ డబ్బు ఉండదు.

ఇక పన్ను. విమానాశ్రయం కేంద్రానిది కదా, రాజ్యాంగం 285వ అధికరణ కింద మినహాయింపు ఉంటుంది కదా అని పంచాయతీలు, మున్సిపాలిటీలు వదిలేయనక్కర్లేదు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ మున్సిపాలిటీ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. అంతర్జాతీయ విమానాశ్రయాల అథారిటీ వేరే సంస్థ, దాని ఆస్తి కేంద్ర ప్రభుత్వ ఆస్తి కాదు, కాబట్టి ఆ మినహాయింపు వర్తించదు అని చెప్పింది. టెర్మినల్ పెరిగితే పన్ను డిమాండ్ కూడా పెరగాలి. చెత్త లారీకి డీజిల్ ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడుంది.

ఓటు ఉన్నచోట ఏం జరిగింది?

స్థానిక సంస్థకు ఓటు హక్కు ఉంటే సమస్య తీరిపోతుందా? ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విమానాశ్రయం అనుభవం చూడాలి. అక్కడ సామర్థ్యం పెంపు ఏడాదికి కోటి మంది ప్రయాణికులు లేదా అంతకు మించితే నిర్ణయం మంత్రిది. అంతకంటే తక్కువైతే మొదటి నిర్ణయం స్థానిక కౌన్సిల్‌ది. బ్రిస్టల్ అడిగింది కోటి నుంచి కోటీ 20 లక్షలకు. కాబట్టి దరఖాస్తు నార్త్ సోమర్‌సెట్ కౌన్సిల్ ముందుకు వచ్చింది. అధికారులు అనుమతించమని సిఫారసు చేశారు. 2020 ఫిబ్రవరి 10న కౌన్సిలర్లు 18-7 ఓట్లతో తిరస్కరించారు. శబ్దం, ట్రాఫిక్, వాతావరణ మార్పు అన్నీ చర్చకు వచ్చాయి.

విమానాశ్రయం అప్పీలుకు వెళ్లింది. 2021లో ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు 36 రోజుల పాటు బహిరంగ విచారణ జరిపారు. మన గ్రామ పంచాయతీల్లాంటి అక్కడి పారిష్ కౌన్సిళ్లు సంఘంగా ఏర్పడి, ఆ విచారణలో ఒక పక్షంగా కూర్చుని వాదించాయి. 2022 ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్టర్లు కౌన్సిల్ నిర్ణయాన్ని కొట్టేసి విస్తరణకు అనుమతి ఇచ్చారు. విమానాల కర్బన ఉద్గారాలను జాతీయ విధానం చూసుకుంటుందని, ఉన్న రన్‌వేలను పూర్తిగా వాడుకోవాలని 2018 నాటి ప్రభుత్వ విధానం చెబుతోందని అన్నారు. 2023 జనవరిలో హైకోర్టు కూడా ఆ అనుమతిని సమర్థించింది.

అంటే ఓటు ఉన్నా పై స్థాయి విధానం దాన్ని తోసేయగలదు. అయినా అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా ఉంది. కౌన్సిల్ తిరస్కరించింది కాబట్టే 36 రోజుల పాటు విమానాశ్రయం తన లెక్కలను సాక్షుల చేత చెప్పించాల్సి వచ్చింది. వాళ్ల ప్రయాణికుల అంచనాలను, శబ్దం లెక్కలను ఎదుటి పక్షాలవాళ్లు ఎదురు ప్రశ్నలు వేసి పరీక్షించారు. మన ప్రజాభిప్రాయ సేకరణలో మైకు చేతికొచ్చిన మనిషికి దొరికేది కొన్ని నిమిషాలు. నివేదిక తయారుచేసిన కన్సల్టెంట్‌ను కూర్చోబెట్టి ప్రశ్నించే అవకాశం లేదు. నాకు వాళ్ల ఓటు కంటే ఆ ఎదురు ప్రశ్న హక్కే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

మూసేసిన తలుపు

మన చట్టంలో ఆ ఎదురు ప్రశ్న హక్కుకు కాస్త దగ్గరగా వచ్చేది ఒకటుంది. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టంలో నాలుగో సెక్షన్ నుంచి మొదలయ్యే సామాజిక ప్రభావ అంచనా.

ప్రభుత్వం భూమి తీసుకోవాలనుకుంటే ముందుగా సంబంధిత పంచాయతీతో లేదా మున్సిపాలిటీతో సంప్రదించి ఈ అధ్యయనం చేయించాలి. ఆరు నెలల్లో పూర్తిచేయాలి. ప్రాజెక్టుకు నిజంగా అంత భూమి కావాలా, వేరేచోట కుదరదా అన్న ప్రశ్నలకు జవాబు వెతకాలి. రోడ్లు, మురుగు కాలువలు, తాగునీటి వనరులు, పశువుల నీళ్లు, ఊరి చెరువులు, మేత భూములు, రేషన్ షాపు, బడి, అంగన్‌వాడీ, గుడి, మసీదు, శ్మశానం మీద ఏ ప్రభావం పడుతుందో చూడాలని చట్టమే వివరంగా రాసింది. ఆపైన ఆ ఊరి ప్రాంతంలోనే బహిరంగ విచారణ జరపాలి. నివేదికను స్థానిక భాషలో పంచాయతీకి అందించాలి. చివరగా ఏడుగురి నిపుణుల బృందం దాన్ని పరిశీలించి, ప్రాజెక్టు వల్ల కలిగే మేలు కంటే కీడు ఎక్కువనిపిస్తే వదిలేయమని చెప్పవచ్చు. ఆ ఏడుగురిలో ఇద్దరు పంచాయతీ, గ్రామసభ లేదా మున్సిపాలిటీ ప్రతినిధులు. ప్రభుత్వం ఆ సిఫారసును పక్కన పెట్టాలంటే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ప్రభావిత కుటుంబం అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం. భూమి సొంతదారులు మాత్రమే కాదు. మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతుకుతున్న కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు కూడా అందులో ఉన్నారు. రెవెన్యూ రికార్డులో వీళ్ల పేర్లు ఉండవు. పట్టాదారు పాస్‌బుక్ చూసి చెక్కు రాసే పద్ధతిలో వీళ్లు కనిపించరు. ఎవరెవరు ఆధారపడి బతుకుతున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసేది ఈ అధ్యయనమే. కౌలు సాగు ఇంత ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో దీన్ని తీసేస్తే ఎవరికి నష్టమో వేరే చెప్పాలా?

తీసేశారు. 2014 డిసెంబర్‌లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ అధ్యయనం నుంచి మినహాయింపు ఇచ్చే 10-ఎ సెక్షన్ చేర్చింది. పార్లమెంటులో అది చట్టంగా నెగ్గలేదు. 2015 ఆగస్టులో కాలం చెల్లిపోయింది. అయితే రాష్ట్రాలు అదే మాటను తమ సవరణల ద్వారా తెచ్చుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో. మౌలిక వసతుల ప్రాజెక్టులు ఆ జాబితాలో ఉన్నాయి, విమానాశ్రయం అందులోకే వస్తుంది. మినహాయింపు ఇస్తే సామాజిక ప్రభావ అంచనాతో పాటు, రెండు మూడు పంటలు పండే మాగాణికి ఉన్న రక్షణ కూడా పోతుంది. ప్రైవేటు భాగస్వామ్యం ఉన్న ప్రాజెక్టుకు 70 శాతం ప్రభావిత కుటుంబాల సమ్మతి కావాలన్న నిబంధన కూడా వర్తించదు. ఆ 70 శాతం గ్రామసభ ఓటు కాదన్నది వేరే సంగతి. అది కుటుంబాల సమ్మతి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ లాంటి ప్రభుత్వ సంస్థ సొంతంగా కడితే మొదటి నుంచీ ఆ సమ్మతి అవసరం లేదు.

గన్నవరంలో ఇంకో దారి తొక్కారు. రన్‌వేను 3,360 మీటర్లకు పెంచేందుకు కావాల్సిన సుమారు 700 ఎకరాల్లో చాలా భాగం భూసమీకరణలో తీసుకున్నారు. రైతులు స్వచ్ఛందంగా ఇచ్చినట్టు, బదులుగా అమరావతిలో ప్లాట్లు. స్వచ్ఛందం కాబట్టి భూసేకరణ చట్టంలోని అధ్యయనం, విచారణ, గ్రామసభ ఏవీ రావు. 2019 తర్వాత రాజధానే సందిగ్ధంలో పడినప్పుడు ఆ ప్లాట్ల విలువ కూడా సందిగ్ధంలో పడింది. ఊరు మొత్తంగా చేసుకున్న ఒప్పందం ఏదీ లేదు, ఎవరి కాగితం వాళ్లది. అందుకే అప్పుడు ప్రతి రైతూ ఒంటరిగా ఎదురుచూడాల్సి వచ్చింది. భూసమీకరణలో తొందరగా పని అవుతుందన్నది నిజమే. ఆ తొందర ఖరీదు ఎవరు భరించారో గన్నవరం రైతులను అడిగితే తెలుస్తుంది.

అధ్యయనం పోయినా మిగిలేవి రెండున్నాయి. 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ప్రత్యేక గ్రామసభ పెట్టి అందులోని సంగతులు తెలపాలి. 15వ సెక్షన్ కింద 60 రోజుల్లో అభ్యంతరాలు ఇవ్వవచ్చు, కలెక్టర్ విని నివేదిక రాయాలి. అభ్యంతరం 'ఇవ్వను' అన్నదే కానక్కర్లేదు. ఇంత భూమి అవసరమా అన్నది కూడా కావచ్చు. భోగాపురంలో 2015లో మొదట వినిపించిన మాట 15 వేల ఎకరాలు. ఊళ్ల నుంచి వ్యతిరేకత, కోర్టు కేసులు వచ్చాక అది 5 వేల పైచిలుకుకు, చివరికి 2,700 ఎకరాల దగ్గరికి దిగింది. విమానాశ్రయం ఆగలేదు. కానీ 12 వేల ఎకరాలకు పైగా భూమి, దాని మీద బతికే కుటుంబాలు ఆ గీత బయట మిగిలాయి. మొదట అడిగినంతా అవసరమే లేదని ఈ అంకెలే చెబుతున్నాయి. 2013 చట్టం అడగమన్న మొదటి ప్రశ్న అదే కదా.

ఇక సవరణల్లోని 10-ఎ విషయంలో ఒకటి గమనించాలి. అందులోని అధ్యయనం మినహాయింపు దానంతట అదే వర్తించదు. ప్రభుత్వం ప్రజాప్రయోజనం దృష్ట్యా నోటిఫికేషన్ ద్వారా 'ఇవ్వవచ్చు' అని ఉంది, 'ఇవ్వాలి' అని లేదు. రెండు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వమైనా విమానాశ్రయాల విషయంలో ఈ మినహాయింపు వాడబోమని నిర్ణయించుకోవచ్చు. దానికి అసెంబ్లీలో కొత్త బిల్లు కూడా అక్కర్లేదు. ఆ మాట ఇప్పించుకోవాల్సిన బాధ్యత మన ఎమ్మెల్యేల మీద ఉంది. అప్పటివరకు రన్‌వే పక్క ఊళ్లో సర్వేయర్లు కనిపించిన వారంలోనే పంచాయతీ కలెక్టర్‌కు రాసి అడగాల్సింది ఒకటుంది. ఈ సేకరణకు 10-ఎ కింద మినహాయింపు నోటిఫికేషన్ ఇచ్చారా? ఇస్తే దాని నంబరు, తేదీ ఏమిటి? ఇవ్వకపోతే సామాజిక ప్రభావ అంచనాకు మా పంచాయతీని ఎప్పుడు సంప్రదిస్తారు?